తలకిందుల సలహాలు: స్టోయిక్ తత్వం నేర్చుకోవాలనుకునేవారికి

స్టోయిక్ తత్వం పేరుతో ఇప్పుడు ఫోన్లో కనిపించే సలహాలన్నీ దాదాపు ఒకే అచ్చు. వెనక పాలరాతి తల, ముందు బరువైన గొంతు. ఎవరినీ పట్టించుకోకు, ఏదీ మనసుకు తీసుకోకు, తెల్లవారుజామునే లేచి చన్నీళ్లు పోసుకో, నీ పని నువ్వు చూసుకో. వీటిని నమ్మి ఇంట్లోవాళ్లతో మాటలు తగ్గించేసిన కుర్రాళ్లను చూస్తే నాకు బెంగగా ఉంటుంది. పాత గ్రీకు, రోమన్ లోకంలో ఈ తత్వాన్ని బోధించినవాళ్లు చెప్పింది దాదాపు దీనికి ఎదురు. వాళ్ల అసలు సలహాలు మన ఇళ్లలో పైకి చదివితే పెద్దవాళ్లు ఊరుకోరు. పొద్దున్నే చెడు తలచుకొమ్మంటారు. కోపం వస్తే పని రేపటికి వాయిదా వెయ్యమంటారు. పరువు పోయేలా బజార్లో నడవమంటారు. ఇంత వంకరగా వినిపించే సలహాలే ఇక్కడ చెబుతున్నాను. ప్రతి ఒక్కటీ నమ్మే చెబుతున్నాను.

చక్రవర్తితో మొదలుపెట్టకండి

ఎవరినడిగినా ముందు మార్కస్ ఆరీలియస్ చదవమంటారు. ఆ పుస్తకం గొప్పదే, కానీ మొదటి పుస్తకం కాదు. క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమ్‌ను ఏలిన ఆ మనిషి తనకోసం తాను గ్రీకులో రాసుకున్న నోట్సు అది. అందులో కొంత యుద్ధకాలంలో, డాన్యూబ్ సరిహద్దు శిబిరాల్లో రాసుకున్నది. కుర్రతనం నుంచి చదువుకున్న విషయాన్ని ఆయన తనకు తాను గుర్తుచేసుకుంటున్నాడు, ఎవరికీ విడమరచి చెప్పడం లేదు. అందుకే కొత్తవాళ్లకు అందులోంచి విడివిడి వాక్యాలు మాత్రమే చేతికొస్తాయి. వాటి వెనక ఉన్న కారణాలు అందవు.

మొదట ఎపిక్టీటస్ దగ్గరికి వెళ్లండి. ఆయన మాటలున్న ప్రతిని తన చేతికిచ్చిన రస్టికస్ అనే గురువుకు చక్రవర్తి తన పుస్తకం మొదట్లోనే కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఎపిక్టీటస్ బానిసగా బతికినవాడు. క్రీ.శ. 50 ప్రాంతంలో హైరాపోలిస్‌లో పుట్టాడు. ఆ ఊరి శిథిలాలు ఇప్పుడు టర్కీలోని పముక్కలే దగ్గర ఉన్నాయి. నీరో చక్రవర్తి కొలువులో పనిచేసిన ఎపఫ్రోడిటస్ ఆయన యజమాని. కాలు కుంటి. బానిసగా ఉండగానే స్టోయిక్ గురువు మ్యుసోనియస్ రూఫస్ పాఠాలు విన్నాడు, తర్వాత విముక్తి పొందాడు. డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్లగొట్టినప్పుడు గ్రీసులోని నికోపోలిస్ చేరి అక్కడ బడి పెట్టాడు. స్వయంగా ఒక్క అక్షరం రాయలేదు. ఆరియన్ అనే శిష్యుడు పాఠాలను రాసిపెడితే వాటిలో నాలుగు సంపుటాలు మిగిలాయి. వాటి సారంగా తీసిన చిన్న చేతిపుస్తకం ఒకటుంది, 53 భాగాలు. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ఆ చేతిపుస్తకం మొదలయ్యేదే ఒక విభజనతో. మన చేతిలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. మనం వేసుకునే అంచనా, కోరుకోవడం, వద్దనుకోవడం, పూనుకోవడం మన చేతిలోవి. ఒళ్లు, ఆస్తి, పేరు, పదవి మన చేతిలోవి కావు. ఒళ్లు మన చేతిలో లేకపోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. రోజూ నడుద్దామని చెప్పులు వేసుకోవడం మన చేతిలోది. మోకాలు అరగకుండా ఆపడం కాదు.

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే అభ్యర్థిని తీసుకుందాం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది, పరీక్ష వాయిదా పడుతుందా, ఎవరైనా కోర్టుకెళ్లి స్టే తెస్తారా, కటాఫ్ ఎంత ఉంటుంది, ఇవేవీ ఆ అమ్మాయి చేతిలో లేవు. ఈ రోజు పాలిటీలో ఏ చాప్టరు చదువుతుంది, నిన్న చదివింది మళ్లీ చూస్తుందా, రాత్రి వేళకు పడుకుంటుందా, ఇవి ఉన్నాయి. స్టోయిక్‌లు విలుకాడి ఉదాహరణ చెప్పేవారు. విల్లు సరిచూసుకోవడం, గురిపెట్టడం, నిబ్బరంగా వదలడం అతని పని. వదిలాక గాలి వీస్తుంది, లక్ష్యం కదులుతుంది. గురికి తగలడానికి చేయగలిగినదంతా చేశాడా లేదా అన్నదే అతని పరీక్ష.

దీన్ని చాలామంది "ఫలితం గురించి ఆలోచించకు" అని మార్చేస్తారు. గురి వైపు చూడకుండా బాణం ఎవరు వేస్తారు? ఉద్యోగం కోరుకోదగ్గదే. ఆరోగ్యం, డబ్బు, హోదా ఉంటే మంచిదేనని స్టోయిక్‌లు తేటగా ఒప్పుకున్నారు. అవి లేని మనిషి చెడ్డమనిషి కాడు, ఉన్నంతమాత్రాన మంచిమనిషీ కాడు అన్నారు. "ఇంకా రాలేదా?" అని పక్కింటావిడ అడిగినప్పుడు ఆ అమ్మాయికి కావలసింది ఈ తేడాయే.

ఇక్కడ ఇంకొక మాట. ఇదంతా గీతలో ఉన్నదే కదా అని మనవాళ్లు వెంటనే అంటారు. పోలిక ఉంది, కాదనను. అయితే తెలిసిందేలే అనుకున్న చోట సాధన ఆగిపోతుంది. పైగా గీత మాట మోక్షం దాకా వెళ్తుంది. జన్మలనుంచి బయటపడాలనే గమ్యం స్టోయిక్‌లకు లేదు. చుట్టూ ఉన్న మనుషుల మధ్య ఈ బతుకును సరిగ్గా బతకడమే వాళ్ల ఆరాటం. రెంటినీ విడివిడిగా చదివాక పోల్చుకోండి, అప్పుడు రెండూ ఇంకా బాగా అర్థమవుతాయి.

పొద్దున్నే చెడు తలచుకోండి

శుభమా అని బయల్దేరుతూ ఇదేం మాట అంటారు. అననివ్వండి. స్నానశాలకు బయల్దేరే ముందు అక్కడ ఏం జరుగుతుందో ఒకసారి గుర్తుచేసుకోమన్నాడు ఎపిక్టీటస్. ఒకడు నీళ్లు చిమ్ముతాడు, ఒకడు తోస్తాడు, ఒకడు తిడతాడు, ఒకడు బట్టలెత్తుకుపోతాడు. నాకు స్నానమూ కావాలి, నా మనసు దారి తప్పకుండా ఉండటమూ కావాలి అని చెప్పుకుని వెళ్లమన్నాడు. ఒక్కటే కోరుకుని వెళ్లినవాడికి, ఆ ఒక్కటీ చెడితే ఏమీ మిగలదు.

రోమన్ స్నానశాల మనకు లేదు. సంక్రాంతి ముందు రోజు బస్టాండు ఉంది. బస్సు ప్లాట్‌ఫారం మీదికి పూర్తిగా రాకముందే కిటికీల్లోంచి ఖర్చీఫులు పడతాయి. ఒకాయన సంచీ లోపలికి విసిరి తలుపు దగ్గరికి పరిగెడతాడు. లోపలికెళ్లేసరికి ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని ఇంకొకావిడ కూర్చుని ఉంటుంది. "సంచీ నేనేశాను", "పేరు రాసుందా దానిమీద?" ఇలా మొదలై ఊరు, కులం, పెంపకం దాకా వెళ్తుంది. సీటు దొరుకుతుందన్న ధీమాతో ఇల్లు కదిలినవాళ్లే ఎక్కువ రభస చేస్తారని గమనించండి. నాలుగు గంటలు నిలబడాల్సి రావచ్చు, ఎవరో కాలు తొక్కుతారు, కండక్టరు విసుక్కుంటాడు అని ముందే అనుకుని వచ్చినవాళ్లు మెల్లగా మధ్యకు జరుగుతారు. అలాంటివాళ్లే పక్కన నిలబడ్డ తల్లి చేతిలోని పిల్లాడిని కాసేపు ఎత్తుకుంటారు.

మార్కస్ ఆరీలియస్ కూడా ఇదే సాధన చేసేవాడు. ఈ రోజు తలదూర్చేవాళ్లు, కృతజ్ఞత లేనివాళ్లు, పొగరుబోతులు, అసూయపరులు ఎదురవుతారు అని పొద్దున్నే చెప్పుకునేవాడు. ఫోన్లో తిరిగే సలహాలు అక్కడితో ఆపేస్తాయి, అది అన్యాయం. ఆ మాటకు రెండో సగం ఉంది. వాళ్లకు మంచిచెడులు తెలియక అలా ఉన్నారు. వాళ్లూ నా చుట్టాలే. రెండు చేతుల్లా, పైదంతాల కిందిదంతాల వరసల్లా కలిసి పనిచేయడానికే పుట్టాం. ఈ సగం వదిలేస్తే మిగిలేది లోకం మీద అసహ్యం. ఆ అసహ్యాన్నే తత్వమనుకుని మోస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ సాధన రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఆందోళనతో నిజంగా బాధపడుతున్నవాళ్లు, రాత్రంతా చెడు ఊహలే వచ్చేవాళ్లు దీన్ని ముట్టుకోవద్దు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. 20వ శతాబ్దంలో ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ రూపొందించిన మాటల చికిత్సకు వేళ్లు స్టోయిక్‌ల దగ్గరే ఉన్నాయని వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు. చికిత్సకు వెళ్లడం ఈ తత్వం నుంచి బయటికి వెళ్లడమేమీ కాదు.

గుండె రాయి చేసుకోకండి

చావు ఇంట్లోనో ఆసుపత్రి వరండాలోనో మనం మొదట అనే మాట, గుండె రాయి చేసుకో. స్టోయిక్‌లు చెప్పిందీ అదే అనుకుంటారు. ఎపిక్టీటస్ పాఠాల్లో ఒక తండ్రి కథ ఉంది. మొత్తం పుస్తకంలో ఒక్క పేజీయే చదివే తీరిక ఉంటే ఆ పేజీయే చదవమంటాను.

ఒక ప్రభుత్వ అధికారి ఆయన్ను చూడటానికి వచ్చాడు. పెళ్లాం పిల్లలున్నారా అని అడిగితే ఉన్నారన్నాడు. ఎలా ఉన్నావంటే నరకంలా ఉందన్నాడు. మొన్న చిన్న కూతురికి జబ్బు చేసి ప్రాణం మీదికి వచ్చిందట. చూస్తూ ఉండలేక ఇంట్లోంచి వెళ్లిపోయాడట. పాప కోలుకుందని ఎవరో వచ్చి చెబితే గాని తిరిగి రాలేదు. అది సరైన పనేనా అని ఎపిక్టీటస్ అడిగాడు. తండ్రి మనసు కదా, సహజమే అన్నాడతను.

గురువు తిట్టలేదు. ఒక్కొక్క ప్రశ్నే వేసుకుంటూ వెళ్లాడు. పాప మీద తల్లికి ప్రేమ ఉందా? ఉంది. అయితే ఆమె కూడా వెళ్లిపోవలసిందేనా? కాదు. దాదికి ప్రేమ ఉందా? ఉంది. ఆమె? వెళ్లకూడదు. బడికి తీసుకెళ్లే మనిషి? అతనూ వెళ్లకూడదు. మీ అందరికీ అంత ప్రేమ ఉన్నందువల్ల ఆ పిల్ల ఒక్కతే, ప్రేమ లేనివాళ్ల చేతుల్లో, ఉండిపోవాలా? నువ్వే జబ్బుపడితే నీవాళ్లు నిన్ను ఇలాగే ప్రేమించాలని కోరుకుంటావా?

ఇందులో ఎక్కడా కూతుర్ని అంతగా ప్రేమించకు అన్న మాట లేదు. ప్రేమ సహజమనీ మంచిదనీ ఎపిక్టీటస్ ముందే ఒప్పుకున్నాడు. పారిపోయేలా చేసింది ప్రేమ కాదు, "ఇది నేను తట్టుకోలేను" అన్న తీర్పు. ఆ తీర్పు పరిశీలించి చూడదగ్గది, కావాలంటే మార్చుకోదగ్గది. మార్చుకున్న తండ్రి ఏం చేస్తాడు? మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తాడు. స్టోయిక్ తత్వంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. మనసును గట్టిపరచుకునేది మనుషులనుంచి దూరంగా నిలబడటానికి కాదు, కష్టంలో వాళ్ల పక్కన ఉండగలగడానికి.

అలా ఉన్నప్పుడు చేతులు వణకవా? వణుకుతాయి. ఆలస్ జెలియస్ అనే రోమన్ రచయిత తన ఓడ ప్రయాణం గురించి రాశాడు. బ్రండిజియం రేవుకు వెళ్తుండగా రాత్రంతా తుఫాను. ఓడలో పేరున్న స్టోయిక్ గురువొకాయన ఉన్నాడు. ఈయన ఎలా ఉన్నాడో అని జెలియస్ తిరిగి చూస్తే ముఖం పాలిపోయి ఉంది, అందరిలాగే బెదిరి ఉన్నాడు. ఏడుపూ పెడబొబ్బలూ మాత్రం లేవు. తుఫాను తగ్గాక ఆసియా నుంచి వచ్చిన డబ్బున్న ప్రయాణికుడొకడు, నేను భయపడలేదు, నువ్వేమిటి అలా తెల్లబోయావని దెప్పాడు. తర్వాత జెలియస్ అడిగినప్పుడు గురువు సంచీలోంచి ఎపిక్టీటస్ పాఠాల ఐదో సంపుటం తీసి చూపించాడు. ఆ సంపుటం ఇప్పుడు మనకు దొరకదు. అందులో ఉన్నది ఇది: హఠాత్తుగా వచ్చిపడే భయానికి జ్ఞాని కూడా పాలిపోతాడు, ఉలిక్కిపడతాడు. అది ఒంటి పని, ఎవరి చేతిలోనూ లేదు. ఇది ఘోరం, నా పని అయిపోయింది అని ఆ భయానికి అతను వంతపాడడు. తేడా అక్కడే.

కాబట్టి ఏడుపొస్తే ఏడవండి. మార్కస్ కుర్రాడుగా ఉన్నప్పుడు తన గురువు చనిపోతే ఏడ్చాడట. పరివారం ఆపబోతే, అతన్ని మనిషిగా ఉండనివ్వండి, తత్వమైనా రాజ్యమైనా ప్రేమను తుడిచెయ్యలేదు అని పెంపుడు తండ్రి ఆంటోనైనస్ అన్నాడని ఒక పాత రోమన్ చరిత్ర గ్రంథం చెబుతుంది.

పప్పు గిన్నె పట్టుకుని బజార్లో నడవండి

ఈ తత్వానికి మూలపురుషుడు జీనో. సైప్రస్ దీవిలోని కిటియం వాడు, ఊదారంగు సరుకు వేసుకుని ఓడల మీద వ్యాపారం చేసేవాడు. ఓడ మునిగి ఏథెన్స్ చేరాడు. అక్కడ ఒక పుస్తకాల అంగట్లో కూర్చుని సోక్రటీస్ గురించి చదివించుకుని విని, ఇలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారని అడిగాడు. అప్పుడే ఆ దారిన పోతున్న తత్వవేత్త క్రేటీస్‌ను అంగటివాడు చూపించాడు. జీనో అతని వెంట పడ్డాడు.

క్రేటీస్ దగ్గర జీనోకు ఒక ఇబ్బంది ఉండేది. చదువంటే ఇష్టమే గాని సిగ్గు ఎక్కువ, నలుగురి చూపుకు జంకేవాడు. ఒకరోజు క్రేటీస్ అతని చేతిలో పప్పుకూర కుండ పెట్టి, రద్దీగా ఉండే కెరమైకస్ వాడ గుండా మోసుకెళ్లమన్నాడు. జీనో సిగ్గుపడి కుండను బట్టలచాటున దాచబోయాడు. క్రేటీస్ చేతికర్రతో ఒక్కటి వేశాడు. కుండ పగిలి పప్పు కాళ్ల వెంట కారుతుంటే జీనో పరుగు లంకించుకున్నాడు. ఎందుకురా పరిగెడతావు, నీకేం ఘోరం జరగలేదు అని వెనకనుంచి కేకేశాడు గురువు. క్రీ.పూ. 300 ప్రాంతంలో బొమ్మలు వేసిన వసారాలో జీనో సొంతంగా పాఠాలు మొదలుపెట్టాడు. ఆ వసారా పేరే ఈ తత్వానికి వచ్చింది.

నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం మనకు ఉగ్గుపాలతో వస్తుంది. దానివల్ల అప్పుచేసి పెళ్లిళ్లు చేస్తాం, ఇష్టంలేని కోర్సుల్లో చేరతాం, జబ్బును దాచుకుంటాం. అందుకే ఈ సలహాను నేను గట్టిగా చెబుతున్నాను. కావాలని ఒక చిన్న నామోషీని నెత్తికెత్తుకోండి. పోయిన పెళ్లికి కట్టిన పట్టుచీరే ఈ పెళ్లికీ కట్టుకోండి. అందరూ కారుల్లో వచ్చే ఫంక్షన్ హాలుకు సిటీ బస్సులో వెళ్లండి. రోమన్ నేత కేటో అలాగే, అందరూ మెరిసే ఎరుపు ఊదా కడుతుంటే నల్లటిది కట్టేవాడు, చెప్పులు లేకుండా బయటికి వెళ్లేవాడు. నిజంగా సిగ్గుపడాల్సినవాటికే సిగ్గుపడటం అలవాటు కావాలన్నది అతని ఉద్దేశమని, అతని జీవితకథ చెప్పిన ప్లుటార్క్ రాశాడు. ఆ పెళ్లిలో ఎవరో ఒకరు చీర గుర్తుపడతారు, అనే మాట అంటారు. ఆ రాత్రి ఇంటికొచ్చాక ఏం పోయిందో లెక్కచూసుకోండి.

అప్పుడప్పుడు కొన్ని రోజులు ముతక తిండి, ముతక బట్టతో గడపమన్న రోమన్ స్టోయిక్ సెనెకా సలహా కూడా ఈ కోవలోదే. అది కలిగినవాళ్లకు మాత్రమే. రోజూ అలాగే గడిచే ఇంటికి వెళ్లి ఆ పాఠం చెప్పకూడదు.

కోపం వచ్చిన పని రేపు చెయ్యండి

సెనెకా కోపం మీద మూడు సంపుటాలు రాశాడు. అందులో అన్నిటికన్నా గట్టి మందు ఆలస్యం. కుటుంబం వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి బావమరిది ఏదో అంటాడు. జవాబు వేలిచివర సిద్ధంగా ఉంటుంది. టైపు చెయ్యండి, పంపకండి, పడుకోండి. పొద్దున్న ఆ అన్యాయం నిజంగానే అన్యాయమని తేలితే అప్పుడు మాట్లాడండి. తేలికపాటి మాటలతోనే పని జరుగుతుంది.

పడుకునే ముందు ఇంకొకటి. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, ఆ రోజు చేసినవీ అన్నవీ ఒక్కొక్కటే తిరగేసుకునేవాడట సెనెకా. ఆ చర్చలో మరీ దురుసుగా మాట్లాడావు, ఇకమీదట అలా వద్దు, ఈసారికి క్షమించాను అని తనకు తానే చెప్పుకునేవాడు. ఆ క్షమాపణ దగ్గర నేను ఆగిపోతాను. మన సొంత లెక్కలు తీసుకునేటప్పుడు చాలామందిమి తిట్టుకోవడంతోనే ఆపేస్తాం.

రాతను నమ్మండి, మాత్ర వేసుకోండి

జరిగేదంతా కారణాల గొలుసుతో ముడిపడి ఉందని స్టోయిక్‌లు నమ్మారు. కోలుకునే రాత ఉంటే వైద్యుణ్ని పిలిచినా పిలవకపోయినా కోలుకుంటాం కదా అని ఆనాడే వాళ్లను ఎదురడిగారు. ఏడువందలకు పైగా రచనలు చేసిన క్రిసిప్పస్ అనే స్టోయిక్ దానికి జవాబు చెప్పాడు: కోలుకోవడం రాసి ఉంటే వైద్యుణ్ని పిలవడం కూడా దానితోపాటే రాసి ఉంటుంది. మన ప్రయత్నం ఆ గొలుసులో ఒక లింకు. రాసిపెట్టి ఉంటే అదే తగ్గుతుందని బీపీ మాత్రలు మానేసే పెద్దాయనకు చెప్పాల్సింది ఈ మాట. ఆయన నమ్మకాన్ని తీసివెయ్యనక్కర్లేదు, పూర్తి చేస్తే చాలు.

సర్దుకుపోకండి

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇక్కడి పొరపాటు. సర్దుకుపో అమ్మా, ఓర్చుకో అమ్మా అని మన ఆడపిల్లలకు తరాలుగా చెప్పిన మాటకు స్టోయిక్ తత్వాన్ని కొత్త మద్దతుగా తెస్తున్నారు. కొట్టే మొగుడు నీ చేతిలో లేడు, నీ స్పందన మాత్రమే నీ చేతిలో ఉంది అని ఎవరైనా అంటే అది తత్వం పేరుతో చేసిన ద్రోహం. ఇల్లు విడిచి రావడం ఆమె చేతిలోని పని. ఫిర్యాదు చెయ్యడం, తోడబుట్టినవాళ్లు వెళ్లి తీసుకురావడం చేతిలోని పనులే. స్టోయిక్‌లు చెప్పిన నాలుగు సుగుణాలు వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం. న్యాయాన్ని వదిలి నిగ్రహాన్ని ఒక్కదాన్నే ఆడవాళ్ల నెత్తిన పెట్టే హక్కు ఎవరికీ లేదు. తత్వచదువు కొడుకులతో సమానంగా కూతుళ్లకూ నేర్పాలని మ్యుసోనియస్ రూఫస్ మొదటి శతాబ్దంలోనే వాదించాడు.

రోమన్ సెనేటర్ హెల్విడియస్ ప్రిస్కస్ సంగతి చూడండి. సెనేట్ సభకు రావద్దని వెస్పేసియన్ చక్రవర్తి కబురు పెట్టాడు. నన్ను సభ్యుడిగా ఉండనివ్వకపోవడం మీ చేతిలో ఉంది, ఉన్నన్నాళ్లు రావడం నా విధి అన్నాడతను. వస్తే నోరు మూసుకోమన్నాడు చక్రవర్తి. మీరు అడక్కపోతే మూసుకుంటానన్నాడు. చంపుతానంటే, చంపడం మీ పని, వణక్కుండా చావడం నా పని అన్నాడు. ఎపిక్టీటస్ ఈ కథను శిష్యులకు ఆదర్శంగా చెప్పాడు. చేతిలో ఉన్నదేమిటో తెలిసిన మనిషి సర్దుకుపోలేదు, ఇంకా గట్టిగా నిలబడ్డాడు.

ఒక లోపం దాచకుండా చెప్పాలి. బానిసలతో కలిసి భోజనం చెయ్యండి, వాళ్లూ మనుషులేనని రాసిన సెనెకా బానిసత్వం పోవాలని మాత్రం అనలేదు. న్యాయం గురించి ఇంత మాట్లాడినవాళ్లు అక్కడ ఆగిపోయారు. వాళ్లు ఆగిన చోట మనం ఆగనక్కర్లేదు.

ఎవరికీ చెప్పకండి

గొర్రెలు తాము ఎంత మేశాయో చూపించడానికి గడ్డిని కాపరి దగ్గరికి తేవు, ఉన్నీ పాలూ ఇస్తాయి అన్నాడు ఎపిక్టీటస్. నేర్చుకుంటున్నారన్న సంగతి మీ స్టేటస్‌లో కనిపించకూడదు. ఈ పాఠాలన్నీ మీ మీద వాడుకోవడానికే. ఎదుటివాడి ఇంట్లో కుండ పగిలితే కుండలు పగులుతుంటాయి అనడం సులభం. బిడ్డను పోగొట్టుకున్నవారి దగ్గర ఈ తత్వంలోని ఒక్క మాట కూడా ఎత్తకండి. వెళ్లి కూర్చోండి, వాళ్లింటి వంటపని అందుకోండి.

దాయాదుల ఇంటికి వెళ్లండి

రెండో శతాబ్దపు స్టోయిక్ హైరోక్లీస్ మనిషి చుట్టూ వలయాలు గీశాడు. నడుమ తాను, తర్వాత అమ్మానాన్నలు, తోబుట్టువులు, ఆలుబిడ్డలు, ఆపైన మేనమామలూ పినతండ్రులూ, ఇతర చుట్టాలు, ఇరుగుపొరుగు, ఊరు, దేశం, చివరికి మనుషులందరూ. బయటి వలయంలోవాళ్లను ఒక్కో అడుగు లోపలికి లాగమన్నాడు. అందుకు పినతండ్రి పిల్లలను సోదరులని పిలవమనీ, తండ్రి తోబుట్టువులను తండ్రులుగా చూడమనీ సలహా ఇచ్చాడు. ఆయన ప్రయత్నపూర్వకంగా చెయ్యమన్నది తెలుగు ఇళ్లలో పుట్టుకతోనే ఉంది. పెదనాన్న పిల్లలు మనకు అన్నలూ అక్కలూనే. కొరత ఆ తర్వాతి వలయాల్లో ఉంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు ఏ తరగతి చదువుతోందో ఎంతమందికి తెలుసు?

మళ్లీ ఆ లోపలి వలయమే మనకు మొదట విరిగేది. తాత పోయాక నాలుగెకరాల దగ్గర గట్టు జరిగిందంటారు, సర్వేయరును పిలుస్తారు, ఒకరు కోర్టుకెళ్తారు, మాటలు ఆగిపోతాయి. ప్రతి విషయానికీ రెండు పిడులుంటాయన్నాడు ఎపిక్టీటస్, ఒకటి మొయ్యడానికి పనికొచ్చేది, ఒకటి రానిది. తమ్ముడు అన్యాయం చేస్తే, అన్యాయం చేశాడన్న వైపు పట్టుకోకు, ఆ పిడి బరువును మొయ్యలేదు. తోడబుట్టినవాడు, కలిసి పెరిగినవాడు అన్న వైపు పట్టుకో అన్నాడు. గట్టు వదులుకొమ్మని ఇందులో లేదు. కేసు బలమైనదైతే నడవనివ్వండి, లాయరు ఫీజు కట్టండి, వాయిదాకు హాజరవండి. అదే నెలలో పెదనాన్న మనవరాలి పెళ్లికి కార్డు వస్తే బయల్దేరి వెళ్లండి. భోజనాల దగ్గర అన్నయ్య ఎదురుపడితే మీరే ముందు పలకరించండి. ఆయన ముఖం తిప్పుకుంటే తిప్పుకోవచ్చు. మీరు కూర్చుని పప్పు వడ్డించుకోండి, వదినను పిల్లల చదువుల గురించి అడగండి.